గిడ్డంగి ప్రణాళికకు పంటే ప్రాతిపదిక కావాలి: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల సందర్భం

వ్యవసాయ గిడ్డంగి నిర్మాణానికి ప్రతిపాదన తయారయ్యేటప్పుడు కాగితం మీద మొదట పడే అంకె దాని సామర్థ్యం. ఐదు వేల టన్నులనో, పది వేల టన్నులనో నిర్ణయించిన తరువాత ఆ అంకెకు తగిన స్థలం, అంచనా వ్యయం, నమూనా, టెండరు వరుసగా వస్తాయి. ఆ టన్నులు ఏ పంటవి అనే ప్రశ్న మాత్రం ప్రతిపాదనలో అరుదుగా కనిపిస్తుంది. సామర్థ్యాన్ని సాధారణంగా బియ్యం లేదా గోధుమ బస్తాల లెక్కన కడతారు. ఒక ఘనపు మీటరు చోటులో బియ్యం సుమారు 780 కిలోలు పడితే వడ్లు దాదాపు 580 కిలోలే పడతాయి. కాబట్టి పది వేల టన్నుల గిడ్డంగి వడ్లకు సుమారు ఏడున్నర వేల టన్నులదే అవుతుంది. ఎండుమిర్చి బస్తాలు పెడితే అది ఇంకా కుదించుకుపోతుంది. విడి పత్తి సంగతి చెప్పనే అక్కరలేదు. ఒకే కట్టడం, నాలుగు పంటలకు నాలుగు సామర్థ్యాలు. రికార్డులో నమోదయ్యేది మాత్రం ఒక్కటే.

పూర్వపు రైతు ఇంట ఈ పొరపాటు ఉండేది కాదు. జొన్నలకు పాతర, వడ్లకు గుమ్మి లేదా గాదె, విత్తనానికి బూడిద కలిపి మూతి కట్టిన కుండ. ఏ గింజకు ఎంత గాలి తగలాలి, ఎంత కాలం నిలవాలి అనే ఎరుక నుంచే ఆ పాత్రల ఆకారం వచ్చింది. నేటి గిడ్డంగి నమూనా ఆ వరుసను తలకిందులు చేసింది. ముందు రేకుల కప్పు లేస్తుంది; దాని కిందికి ఏది వస్తే అది చేరుతుంది.

రాష్ట్రం ఏర్పడిన తరువాత నిల్వ వసతి విస్తరణ చిన్న ప్రయత్నమేమీ కాదు. నాబార్డు రుణంతో మార్కెటింగ్ శాఖ 18.30 లక్షల టన్నుల సామర్థ్యం గల 364 గిడ్డంగులను వెయ్యి కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో చేపట్టింది. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినప్పుడు, ప్రతి జిల్లాకు తనదైన నిల్వ వ్యవస్థను రూపొందించుకొనే అవకాశం కూడా వచ్చింది. వర్షపు చినుకు పడని నాలుగు గోడలు లేకపోవడం కన్నా ఉండడం మేలన్నది నిర్వివాదం. ఆ గోడల మధ్య ఎవరి సరుకు ఉన్నది అన్నదే ఇక్కడ చర్చనీయాంశం. ఇటువంటి గిడ్డంగులలో అధికభాగం పౌర సరఫరాల, సేకరణ సంస్థల నిల్వలకు అద్దెకు పోతున్నది. అది అవసరమైన పనే. అయితే దానిని రైతుకు కల్పించిన నిల్వ సౌకర్యంగా లెక్కించడం సరికాదు.

వరి రైతునే తీసుకొంటే ఈ భేదం స్పష్టమవుతుంది. దేవాదుల ఎత్తిపోతల నీరు జనగామ చెరువులకు, శ్రీరామసాగర్ రెండవ దశ కాలువల నీరు మహబూబాబాద్ ప్రాంతానికి అందడంతో ఒకనాటి మెట్ట మండలాలలో సైతం వరి పెరిగింది. ఆ ధాన్యాన్ని ప్రాథమిక సహకార సంఘమో, ఐకేపీ మహిళా సంఘమో నడిపే కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకు కొంటున్నారు. నవంబరులో అమ్మినా మూడు నెలలు ఆగి అమ్మినా ధర అదే అయినప్పుడు రైతుకు గిడ్డంగితో పని లేదు. అతనికి కావలసినది పది రోజుల పాటు ధాన్యం ఆరబోసుకొనే గచ్చు నేల, వాన వస్తే కప్పుకొనే నీడ. పూర్వం కోసిన పనలు పొలంలోనే కొంత ఆరిన తరువాత కుప్ప నూర్చేవారు. ఇప్పుడు కోత యంత్రం గంటలో ఎకరం పంటను 20 శాతానికి మించిన తేమతో ట్రాలీలో పోస్తున్నది. కొనుగోలు ప్రమాణం 17 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమంతా రైతు రోడ్డు మీదనో, కేంద్రం ముందున్న మట్టి నేల మీదనో గడుపుతున్నాడు. యాసంగి వడ్లు అకాల వర్షానికి తడిసి మొలకెత్తేది అక్కడే. ఎన్ని లక్షల టన్నుల గిడ్డంగి కట్టినా ఆ పది రోజులకు అది జవాబు కాదు.

ఈ సంగతి పాలకులకు తెలియనిది కాదు. ఉపాధి హామీ నిధులతో ఊరూరా కల్లాలు కట్టించే పనిని రాష్ట్రం చేపట్టింది. అవి ఆ పథకంలో అనుమతించిన పనులు కావంటూ 151 కోట్ల రూపాయలకు పైగా తిరిగి చెల్లించవలసిందిగా 2022లో కేంద్రం కోరింది. తీర ప్రాంతాలలో చేపలు ఆరబెట్టే గచ్చులకు వీలున్నప్పుడు వడ్లు ఆరబెట్టే గచ్చుకు ఎందుకు లేదని రాష్ట్రం అడిగింది. రాజకీయ పక్షాలు ఆ వివాదాన్ని తమ తమ రీతిలో వాడుకొన్నాయి. సాంకేతికంగా తేలవలసిన విషయం మాత్రం పక్కన పడిపోయింది: కల్లం గిడ్డంగిలో భాగమా, కాదా? ధాన్యశాస్త్రం దృష్టిలో అది మొదటి భాగం. 17 శాతం తేమతో బస్తాకెక్కిన వడ్లు వేసవి రేకుల కింద నెలల తరబడి నిలవవు; దీర్ఘకాల నిల్వకు 13 శాతానికి దిగాలి. ఆరబెట్టే నేల లేని గిడ్డంగి ప్రతిపాదనను అసంపూర్ణంగా భావించి వెనక్కి పంపడమే న్యాయం.

నిల్వ వల్ల నిజంగా ప్రయోజనం కలగగలిగేది మిర్చి రైతుకు. విషాదమేమంటే ఈ మూడు జిల్లాలలో అతడే అందరికన్నా దూరం పోవలసి వస్తున్నది. మహబూబాబాద్ జిల్లా దక్షిణ మండలాల రైతు ఖమ్మం మార్కెట్టుకు, మిగిలినవారు వరంగల్ ఏనుమాముల మార్కెట్టుకు సరుకు తీసుకుపోతారు. శీతల గిడ్డంగులు ప్రధానంగా ఆ రెండు నగరాల చుట్టూనే ఉన్నాయి. భూపాలపల్లి జిల్లాలో రైలు స్టేషన్ లేదు. మహదేవపూర్, పలిమెల వంటి గోదావరి తీర మండలాల నుంచి ఏనుమాములకు నూరు కిలోమీటర్లకు పైగా లారీ కిరాయి భరించాలి. అంత దూరం తెచ్చిన మిర్చిని ధర నచ్చలేదని వెనక్కి తీసుకుపోయే రైతు ఉండడు. ఆ సంగతి వ్యాపారికీ తెలుసు.

2017 ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్టులో జరిగిన సంఘటన పూర్వాపరాలు ఈ నేపథ్యంలోనే అర్థమవుతాయి. అంతకు ముందు సంవత్సరపు మంచి ధర చూసి విస్తీర్ణం పెంచిన రైతులు, ధర మూడో వంతుకు పడిపోవడంతో ఆగ్రహించి మార్కెట్టు కార్యాలయంపై పడ్డారు. పది మంది రైతులు అరెస్టయ్యారు. వారి చేతులకు బేడీలు వేసి న్యాయస్థానానికి తీసుకురావడం దేశమంతటా చర్చకు దారితీసింది. తరువాత కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 5,000 రూపాయల ధర ప్రకటించింది. అప్పటికే చిన్న రైతుల సరుకు చేతులు మారింది. ఆ వారంలో రైతుకు కావలసినది సొంత మండలంలో సరుకు దించుకొని ఇంటికి పోగలిగే ఒక చోటు, ఆ సరుకు మీద కొంత డబ్బు. ఆ రెండూ అతనికి అందుబాటులో లేవు.

మిర్చికి వడ్ల గిడ్డంగి పనికిరాదు. ఎండుమిర్చి విలువలో పెద్ద పాలు దాని రంగుది. 10, 11 శాతం తేమకు ఆరిన కాయను 5 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచితే ఆ రంగు ఏడాది పాటు నిలుస్తుంది. మే నెలలో రేకుల కింద అదే కాయ కొద్ది నెలల్లో వెలిసిపోతుంది. తేమ ఎక్కువైతే బూజు, దానితో అఫ్లటాక్సిన్. ఐరోపా సమాఖ్య సుగంధ ద్రవ్యాలలో మొత్తం అఫ్లటాక్సిన్‌ను కిలోకు 10 మైక్రోగ్రాములకు పరిమితం చేసినందున, ఎగుమతి అవకాశం కూడా రైతు కల్లం దగ్గరే నిర్ణయమవుతుంది. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన స్థానం తోడ్పాటుతో తిమ్మంపేట రైతు ఉత్పత్తిదారుల సంస్థ దానిని సాధించింది. గుర్తింపు పొందిన ప్రాంతంలో భూపాలపల్లి జిల్లా కూడా ఉన్నది. చపాటా కారానికి కాక ఎర్రదనానికి పేరుపడిన రకం. ఆ ఎర్రదనాన్ని నిలిపే శీతల గది సాగు ప్రాంతంలో లేకపోతే గుర్తింపు పత్రం వల్ల కలిగే లాభం నగరంలో సరుకు నిల్వ చేయగలవారికే చేరుతుంది.

అయితే నిల్వ చేస్తే లాభం తప్పదన్న ప్రచారం కూడా ప్రమాదకరమే. విస్తరణ కార్యక్రమాలలో ఆ మాట తేలికగా వినిపిస్తుంది. క్వింటాలు 12,000 రూపాయల మిర్చిని ఆరు నెలలు ఆపితే, సాలుకు 12 శాతం వడ్డీ చొప్పున 720 రూపాయలు పెట్టుబడి మీదనే పడుతుంది. ఊరి అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీది అయితే అది 1,440 అవుతుంది. దానికి గది అద్దె, హమాలీ, కిరాయి, రెండు మూడు శాతం తూకం తరుగు కలపాలి. బ్యాంకు అప్పు ఉన్నవారికి కూడా ధర పదో వంతు దాకా పెరిగితేనే మొదటి రోజు అమ్మినదానితో సమానమవుతుంది. పైగా ధర పెరుగుతుందన్న హామీ లేదు. 2023లో 20,000 రూపాయలు దాటిన మిర్చి 2025 ఆరంభానికి పన్నెండు వేల దరిదాపులకు దిగింది; ఇంకా పెరుగుతుందని శీతల గిడ్డంగిలో పెట్టి ఎదురుచూసినవారు నష్టపోయారు. కాబట్టి రైతుకు చెప్పదగిన సలహా పంటంతా దాచమని కాదు. అప్పు తీరేటంత అమ్మి, మిగిలిన మూడో వంతో సగమో ఆపగల శక్తిని అతనికి కల్పించాలి. రెండు ఎకరాల రైతు విషయంలో అది నలభై, యాభై బస్తాలకు మించదు. అంత చిన్న పరిమాణాన్ని విడిగా గుర్తించి దించుకొనే ఏర్పాటు పది వేల టన్నుల గిడ్డంగిలో సాధారణంగా ఉండదు.

వరిలోనూ ఒక మార్పు వచ్చింది. 2024 వానాకాలం నుంచి సన్న ధాన్యానికి క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తున్నందున సన్నాలను దొడ్డు వడ్ల నుంచి విడిగా కొని, విడిగా నిలవ చేయవలసి వస్తున్నది. విశ్వవిద్యాలయం రూపొందించిన తెలంగాణ సోనా వంటి రకాల బియ్యం కొత్తలో ముద్దగా వండబడుతుంది; కొన్ని నెలలు మాగితే పొడిపొడిగా వచ్చి ఎక్కువ ధర పలుకుతుంది. పాత బియ్యానికి ఇంటింటా ఉన్న గిరాకీ ఇందుకే. వరిలో నిల్వకు ధర దొరికే చోటు ఇది ఒక్కటే అనవచ్చు. ఆ అదనపు ధర ఇప్పుడు మిల్లరుకు, వ్యాపారికి పోతున్నది. జనగామ వంటి జిల్లాలో మహిళా సంఘాలో రైతు ఉత్పత్తిదారుల సంస్థలో ఐదు వందల టన్నుల సన్న వడ్లను ఆరు నెలలు మాగబెట్టి చిన్న మిల్లులో ఆడించి అమ్మగలిగితే, గిడ్డంగికి ఒక అర్థం ఏర్పడుతుంది. అందుకు ఒకే పెద్ద హాలు కన్నా అడ్డుగోడలతో విడదీసిన నాలుగు గదులు అనుకూలం.

పత్తి, మొక్కజొన్న, పసుపు గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. పత్తికి 8 నుంచి 12 శాతం తేమ ప్రమాణం పాటించేందుకు ఇంటి దగ్గర పొడి నేల, నిప్పు భయం లేని చోటు చాలు. దానిని సామూహిక గిడ్డంగికి తేవడం కిరాయి దండుగ. మొక్కజొన్నను 14 శాతం లోపు తేమకు ఆరబెట్టకుండా ఏ గిడ్డంగికీ అనుమతించరాదు. కేసముద్రం మార్కెట్టుకు వచ్చే పసుపు, ఉడికించి 10 శాతానికి ఆరబెట్టినదైతే, సాధారణ గిడ్డంగిలోనే బాగా నిలుస్తుంది.

స్థలం ఎంపిక విషయంలో గత కొన్నేళ్ల అనుభవం కఠినమైనది. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి మండలంలోని మోరంచపల్లి గ్రామం మునిగిపోయింది. ప్రజలను హెలికాప్టర్లతో తరలించవలసి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి కాజీపేట, విజయవాడ మార్గంలో రైళ్లు నిలిచిపోయాయి. గిడ్డంగికి ఉచితంగా దొరికే ప్రభుత్వ భూమి తరచుగా చెరువు శిఖం పక్కనో, వాగు ఒడ్డునో ఉంటుంది. ఖరీదు లేని భూమి అంటూ ఏదీ ఉండదు. కొన్నిచోట్ల దాని ఖరీదు వరద రోజున తెలుస్తుంది. ఆ రెండు సంవత్సరాలలో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో ఊరివాళ్లను అడిగి, ఆ గుర్తు మీద మరికొంత ఎత్తు కలిపి గచ్చు మట్టాన్ని నిర్ణయించాలి. జనగామ చల్క నేలల్లో పునాది సులభం. భూపాలపల్లి, మహబూబాబాద్ నల్లరేగడి నేలల్లో ఎండకు బీటలువారి వానకు ఉబ్బే మట్టి గచ్చును పగులగొడుతుంది. అక్కడ రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన, అడుగు భాగం ఉబ్బెత్తుగా ఉండే స్తంభ పునాదులు అవసరమవుతాయి. ఆ అదనపు వ్యయం మొదటి అంచనాలోనే ఉండాలి.

కట్టడం పొడవు తూర్పు పడమరలుగా ఉంటే పక్క గోడలకు ఎండ తగ్గుతుంది. ఇది పైసా ఖర్చు లేని జాగ్రత్త. అయినా రోడ్డుకు ముఖం పెట్టాలన్న తొందరలో దీనిని మరచిపోతున్నారు. ఇంతకన్నా తీవ్రమైనది గాలి బిగింపు. ఎర్ర పిండి పురుగు, ముక్కు పురుగు వంటివాటి కోసం ఫాస్ఫీన్ పొగబెట్టినప్పుడు వాయువు కనీసం వారం రోజులు నిలవాలి. దొంతరపై కప్పిన పరదా అంచులు గతుకుల గచ్చు మీద ఆనకపోతే, తలుపు సందులు మూసుకోకపోతే వాయువు రెండు రోజుల్లో పలచబడుతుంది. బతికిన పురుగులు నిరోధకతను సంతరించుకొంటాయి. తరువాత మాత్రల మోతాదు పెంచమని అడిగేది కీటక శాస్త్రవేత్తను. అసలు లోపం మేస్త్రీ చేతిలోనో, గచ్చు నునుపును బిల్లులో రాయని ఇంజనీరు చేతిలోనో ఉంటుంది. అరుగులు లారీ ఎత్తుకు కడుతున్నారు; రైతు వచ్చేది ట్రాక్టరు మీద, ఆటోలో. అరవై టన్నుల తూకపు వంతెన ఉంటుంది. పది బస్తాలు తూచే కాటా ఉండదు. గిడ్డంగి ఎవరి కోసం ఊహించారో ఈ రెండు వివరాలే తెలుపుతాయి.

నిజానికి స్వతంత్ర భారతంలో గిడ్డంగి భావన పుట్టిందే పరపతి సాధనంగా. 1954లో అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలన సంఘం సిఫారసు చేయగా, 1956 చట్టంతో, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ ఏర్పడింది. సరుకు దించిన రైతుకు రసీదు, రసీదు మీద అప్పు అన్నది దాని మూల సూత్రం. మార్కెట్టు యార్డులలో సరుకు విలువలో 75 శాతం వరకు, రెండు లక్షల రూపాయలకు మించకుండా, 180 రోజుల పాటు వడ్డీ లేకుండా ఇచ్చే తాకట్టు రుణ పథకం ఎంతో కాలంగా ఉన్నది. దాని పేరు రైతుబంధు. 2018లో అదే పేరుతో పెట్టుబడి సాయం వచ్చిన తరువాత పాత పథకం పేరు చెప్పినా రైతుకు మరొకటి స్ఫురిస్తున్నది. విద్యార్థులలో సైతం చాలామందికి ఈ మొదటి రైతుబంధు తెలియదు. 2007 గిడ్డంగుల చట్టం కింద రిజిస్టరైన గిడ్డంగి 2017 నుంచి ఎలక్ట్రానిక్ రసీదు ఇవ్వగలుగుతున్నది. ఆ రసీదుపై ఇచ్చే రుణాలకు 2024 డిసెంబరులో వెయ్యి కోట్ల హామీ నిధి కూడా ఏర్పడింది. అయితే రిజిస్ట్రేషనుకు కట్టడం, తూకం, నాణ్యత పరీక్ష, బీమా, సిబ్బంది అన్నీ ప్రమాణానికి తగినట్టు ఉండాలి. నిర్మాణమయ్యాక వాటిని జోడించడం దాదాపు అసాధ్యం. ఈ లెక్కన రసీదు నమూనా కూడా కట్టడం నమూనాతో పాటే తయారు కావాలి.

పరిమాణం విషయంలో 2023లో ఆమోదం పొందిన సహకార ధాన్య నిల్వ ప్రణాళిక సరైన దిశలో ఉన్నది. దాని కింద 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పదకొండు నమూనా గిడ్డంగులలో తెలంగాణలోని గంభీరావుపేట సహకార సంఘానిది ఐదు వందల టన్నులది. రైతు ట్రాక్టరు మీద వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలో, తాను సభ్యుడైన సంఘం చేతిలో ఉన్న అటువంటి చిన్న గిడ్డంగి, జిల్లా కేంద్రంలోని పది వేల టన్నుల దానికన్నా ఈ మూడు జిల్లాలకు మేలు. పక్కన కల్లం, మిర్చి మండలాలలో ఒక చిన్న శీతల గది ఉంటే దాని ప్రయోజనం పూర్తవుతుంది. నిర్వహణ వ్యయం టన్నుకు ఎక్కువ పడుతుందన్న అభ్యంతరం వాస్తవమే. శీతల గదికి కరెంటు బిల్లు పెద్ద భారం. ఏడాదిలో నాలుగు నెలలు ఖాళీగా ఉంటే సంఘం దానిని మోయలేదు. మిర్చి ఖాళీ అయ్యే కాలంలో విత్తనాలు, చింతపండు వంటి సరుకు దొరికే చోట్లనే దానిని పెట్టడం వివేకం.

ఎక్కడ పెట్టాలన్నది ఊహతో తేలదు. రెండు వేల ఆరు వందలకు పైగా ఉన్న రైతు వేదికలలో మొదటిది 2020 అక్టోబరు 31న ప్రారంభమైనది జనగామ జిల్లా కొడకండ్లలోనే. ఐదు వేల ఎకరాల క్లస్టరుకు ఒకటి చొప్పున ఉన్న ఆ భవనాలు సమావేశాలకే పరిమితమవుతున్నాయి. ఏరువాక కేంద్రం, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలు క్లస్టరువారీగా మూడు విషయాలు నమోదు చేయగలరు: ఏ వారంలో ఎంత సరుకు కల్లానికి వస్తున్నది, ఎంత తేమతో అమ్ముడవుతున్నది, అమ్మిన రైతుకు ఎవరి అప్పు ఉన్నది. మూడోది అడగడం ఇబ్బందికరమే. కానీ ఎరువుల దుకాణానికో అడ్తిదారుకో బాకీ ఉన్న రైతు తన సరుకును ఏ గిడ్డంగిలోనూ దించలేడు. ఆ సంఖ్య తెలియకుండా సామర్థ్యం నిర్ణయించడం వృథా. రావెప్ శిక్షణకు గ్రామాలలో ఉండే చివరి సంవత్సరం విద్యార్థులు తేమ మాపకం పట్టుకొని కుప్పకుప్పకు తిరిగితే ఒక్క కాలంలో ఒక మండలం లెక్క తయారవుతుంది. వానాకాలం వడ్లు అక్టోబరు చివరిలో కల్లాలకు చేరతాయి. మిర్చి జనవరి నుంచి మొదలవుతుంది. నమూనా గీయడానికి ముందే ఆ లెక్క ఇంజనీరు బల్లపై ఉండాలంటే నమోదు ఈ పంటకాలంలోనే ప్రారంభం కావాలి.